పడకమునుపే పిట్టగోడ



ఈ నెల నేను మీతో ఒక ప్రశ్నను గూర్చి మాటలాడగోరుచున్నాను. ఒంటిలో నొప్పి గాని జ్వరము గాని లేనప్పుడు ఆసుపత్రికి పోయి, నన్ను పరీక్షించి చూడుడని అడుగుట విశ్వాసికి తగునా? అది దేవునియందు నమ్మిక చాలక చేయు పనియా? లేక అట్లు అడుగకుండుటయే దోషమా? పొలము పనిలోను, కూలి పనిలోను దినములు గడుపువారికి ఇది పట్టణవాసుల ప్రశ్నవలె తోచవచ్చును. ఒకప్పుడు నాకును అట్లే తోచెను. అట్లు తోచుటవలన నేనేమి పోగొట్టుకొంటినో మొదట చెప్పి, తరువాత ప్రశ్నకు వచ్చెదను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రమునకు దగ్గరగా నున్న ఊరు. మా అప్ప నాకంటె పన్నెండేండ్లు పెద్దది. అమ్మ పోయిన తరువాత నన్ను సాకినది ఆమెయే. నేను వేదాంత కళాశాలలో చదువుచున్న కాలమున జీడితోటలలో కూలికి పోయి, ఆ డబ్బులలో కొంత ముడివేసి నాకు పంపుచుండెడిది. మా ప్రాంతపు పెద్ద వయస్సు ఆడవారిలో అనేకులవలె ఆమెకును అడ్డపొగ అలవాటు. ఇతర జిల్లాల చదువరులకు ఆ మాట తెలియకపోవచ్చును. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చుటను మేము అడ్డపొగ అందుము.

2018వ సంవత్సరము వేసవిలో ఒక శనివారము నేను మరునాటి ప్రసంగము వ్రాసికొనుచుంటిని. ఆమె వచ్చి గుమ్మములో కూర్చుండి యిట్లడిగెను: "ఏటి తమ్ముడూ, ఆ నర్సమ్మ ఊరందరికీ నోరు తెరిచి సూపించమంతంది. నాకు నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఎల్లాలంతావా?" నేను కాగితము మీదనుండి తల యెత్తకయే, "నొప్పి లేనప్పుడు చూపించుకోవడమెందుకప్పా? దేవుడున్నాడు, చూసుకుంటాడు" అంటిని. ఆమె ముఖము వికసించెను. ఒక కూలిదినము మిగిలెనని సంతోషించి వెళ్ళిపోయెను.

మరుసటి సంవత్సరము నడిమికి ఆమె నోటిలో అంగిటిమీద పుండు కనబడెను. కారము తగిలిన మంట, తరువాత గంజి తగిలినను మంట. విశాఖపట్టణమునకు తీసికొని పోతిని. వైద్యుడు దీపము వేసి చూచి, నన్ను వెలుపలికి పిలిచి, ఇది తెల్లని మచ్చగా నున్నప్పుడే ఎవరైనను చూచియుండవలసినదని నెమ్మదిగా చెప్పెను. 2020 ఫిబ్రవరిలో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ నెలలన్నిటిలో ఒక్కనాడును ఆమె నన్ను నిందింపలేదు. నా జవాబు ఆమెకు జ్ఞాపకమున్నదో లేదో నేనెరుగను. నాకు మాత్రము ప్రతి శనివారము జ్ఞాపకము వచ్చుచున్నది.

ఆ దినము ఆమె వెళ్ళియుండిన యెడల తప్పక బ్రదికియుండునని నేను చెప్పజాలను. అట్లు చెప్పగలవాడు ఎవడును లేడు. అయితే ఒక్క సంగతి నేను చెప్పగలను. నేను ఆమెకిచ్చినది విశ్వాసపు జవాబు కాదు. తొందరలోనున్న మనుష్యుని జవాబు అది. దానికి దేవుని నామము తగిలించితిని. ఆయన నామమును వ్యర్థముగా పలుకుట యనగా ఒట్లు పెట్టుకొనుట మాత్రమే యని చిన్నప్పుడు నేర్చుకొంటిని. మన నిర్లక్ష్యమునకు ఆయన నామమును కప్పుగా వేయుటయు అదే పాపమని అప్పకు సమాధి కట్టిన తరువాత నేర్చుకొంటిని.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము.

మొదటిది, 'నొప్పి లేదు గనుక జబ్బు లేదు' అను మాటను పరిశీలింతము. నొప్పి దేవుడిచ్చిన కావలివాడు. ముల్లు గ్రుచ్చుకొనిన కాలు తీయుదుము. అన్నపు కుండ కాలిన చేయి తీయుదుము. ఈ కావలివాడు లేకున్న నేమగునో కుష్ఠురోగులయందు లోకము చూచినది. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను వైద్యుడు ఆ రోగుల చేతులను, పాదములను అనేక సంవత్సరములు శ్రద్ధగా చూచెను. వారి వ్రేళ్ళు దానంతట అవి కుళ్ళి రాలిపోవునని అప్పటివరకు జనులు తలంచిరి. అది నిజము కాదని ఆయన కనుగొనెను. ఆ రోగము నరములను చెరుపగా స్పర్శ పోవును. స్పర్శ పోయినవాడు నిప్పును, మేకును, బిగువైన చెప్పును తెలిసికొనడు. తెలియక తగిలిన గాయములే వ్రేళ్ళను తినివేయును. గనుక ఆయన తన రోగులకు ప్రతిదినము కండ్లతో పాదములను చూచుకొనుట నేర్పెను. నొప్పి అను కావలివాడు లేనిచోట కన్ను కావలియుండవలెను.

సహోదరులారా, మనలో ప్రతివాని ఒంటిలోను ఈ కావలివాడు లేని గదులు కొన్ని యున్నవి. రక్తపోటు వానిలో ఒకటి. అది యేండ్ల తరబడి పెరుగుచున్నను తల నొవ్వదు, కన్ను తిరుగదు. గుండెను, మూత్రపిండములను, మెదడులోని సన్నని రక్తనాళములను లోలోపల అరగదీసి, ఒక ఉదయమున పక్షవాతముగా బయటపడును. చక్కెర వ్యాధియు అట్టిదే. మొదటి సంవత్సరములలో అనేకులకు ఏ గురుతును తోచదు. తరువాత కన్నును, మూత్రపిండమును, పాదమును పట్టుకొనును. ఆ వ్యాధి ముదిరినవారు కుష్ఠురోగివలెనే పాదములో స్పర్శ కోల్పోయి, గాయమైనను ఎరుగకుందురు. నోటిలోని తెల్లమచ్చ నొవ్వదు. స్త్రీల రొమ్ములో మొదట పుట్టు గడ్డ తరచుగా నొవ్వదు. గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు పుట్టకముందు అనేక సంవత్సరములు ఉండు మార్పు అసలే నొవ్వదు. నొప్పి వచ్చువరకు ఆగుదమనువాడు, దొంగ యిల్లు దోచి వెళ్ళిన తరువాత కుక్క మొరుగునని కాచుకొనువానివంటివాడు.

ఇక్కడ మా జిల్లా సంగతి ఒకటి చెప్పవలెను. 1971లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో వైద్యులు శ్రీకాకుళం జిల్లా పల్లెలు తిరిగి 10,169 మంది నోళ్ళను పరీక్షించి, అడ్డపొగ త్రాగువారి అంగిటిమీద వచ్చు మచ్చలను వివరించిరి. అనగా నేను మా అప్పకు జవాబు చెప్పుటకు నలువదియేడు సంవత్సరములు మునుపే ఆ సంగతి వ్రాయబడి యుండెను. మా వీధులలోనే, మా అవ్వల నోళ్ళలోనే చూచి వ్రాసిరి. చదువుకొనిన నేను దానిని ఎరుగకపోతిని. పదవ తరగతి చదివిన నర్సమ్మ దానిని ఎరిగి మా గుమ్మమునకు వచ్చినది.

రెండవది, ముందుగా చూచుకొనుట అవిశ్వాసమా? మోషే ధర్మశాస్త్రములో ఇల్లు కట్టువారికి ఒక ఆజ్ఞ యున్నది. క్రొత్త యిల్లు కట్టినవాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనందున ఎవడైనను పడి చచ్చిన యెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు దాని భావము. ఆ దేశపు ఇండ్లు మన డాబాలవంటివి. పైన ధాన్యము, నార ఆరబెట్టుకొందురు. వేసవిలో పండుకొందురు. పేతురు మేడమీద ప్రార్థన చేసికొనుచుండెనని మీరు చదివియున్నారు. మనమును డాబాలమీద మిరపకాయలు ఆరబెట్టుకొనుచున్నాము గదా.

ఈ ఆజ్ఞలో నన్ను ఆపిన సంగతులు మూడు. ఇంకను ఎవడును పడలేదు, అయినను గోడ కట్టవలెను. ఇది మొదటి సంగతి. రెండవ సంగతి యేమనగా, గోడ కట్టుట దేవుని కాపుదలను సందేహించుటగా ఆ ధర్మశాస్త్రము ఎంచలేదు. ఇశ్రాయేలును అరణ్యములో నలువది సంవత్సరములు మోసిన దేవుడే ఈ గోడ కట్టుమని చెప్పుచున్నాడు. మూడవది, పడువాడు ఇంటి యజమానుడే యని చెప్పలేదు. ఎవడైనను పడవచ్చును. గనుక ఆ గోడ యజమానుని సొంత భద్రత కొరకు మాత్రమే కాదు. అది పొరుగువానియెడల ప్రేమ. రాయి, సున్నముతో కట్టిన ప్రేమ.

మన దేహమును ఇట్టి యిల్లే. కుటుంబపు తండ్రికి పక్షవాతము వచ్చినప్పుడు పడునది అతడొక్కడేనా? ఆలోచించుడి. అతనితోకూడ ఎకరము పొలము అమ్ముడుపోవును. కాలేజీకి పోవు కుమార్తె చదువు మాని మంచము ప్రక్కన కూర్చుండును. భార్య రెండిండ్ల పనికి పోవును. పై డాబామీద పిట్టగోడ లేదు. పడినవారు క్రిందనున్నవారు. నా దేహము నాది, నా యిష్టమని చెప్పుటకు విశ్వాసికి అధికారము లేదు. దానిని ఇచ్చినవాడు వేరు, దానిని ఆనుకొని బ్రదుకువారు వేరు.

సాతాను ప్రభువును దేవాలయ శిఖరముమీదికి తీసికొనిపోయి, దూకుము, దూతలు పట్టుకొందురని చెప్పిన సంగతి మీరెరుగుదురు. ఆ మాటలలో వాగ్దానమున్నది, దేవుని పేరున్నది. అయినను ప్రభువు దానిని విశ్వాసమని ఒప్పుకొనలేదు. దానిని దేవుని శోధించుటగా ఎంచి నిరాకరించెను. నొప్పి లేనప్పుడు చూపించుకొననేల, దేవుడు చూచుకొనునని నేను అప్పతో చెప్పినది ఏ శిఖరముమీదనుండి వచ్చిన స్వరమో ఇప్పుడు నాకు తెలియుచున్నది.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో నున్నప్పుడు అతని ఆయుష్షుకు పదునైదు సంవత్సరములు కలుపబడునని ప్రవక్త చెప్పెను. అంత స్పష్టమైన వాగ్దానము మనలో ఎవరికిని రాలేదు. అయినను ఆ ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. వాగ్దానము ముద్దను అనవసరము చేయలేదు. ముద్ద వాగ్దానమును తక్కువ చేయలేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడని మరచిపోకుడి.

మనము ఇతర సంగతులలో ఈ జ్ఞానమును ఎరుగనివారము కాము. రైతు నాట్లు కాకమునుపే గట్టుమీద నడిచి పీతబొక్కలు వెదకి పూడ్చును. గండి పడిన తరువాత కాదు. పడవవాడు వేటకు పోకమునుపు పడవ అడుగు తట్టి చూచును. ఆ 2018వ సంవత్సరముననే అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి మా జీడితోటలను, కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. ముందునాడు హెచ్చరిక వచ్చినప్పుడు మా ఊరిలో గాలి ఇంకను ముదరలేదు. అయినను మా అప్ప మూటగట్టుకొని, మనుమలను చంకనెత్తుకొని, అందరికంటె ముందుగా బడి భవనమునకు చేరెను. నన్నును కేకవేసి పిలిచెను. అది అవిశ్వాసమని నేను ప్రసంగింపలేదు. ఆ రాత్రి ఆ భవనములో ప్రార్థన నడిపించితిని. కానరాని గాలిని గూర్చిన హెచ్చరికను దేవుని దయ యని అంగీకరించితిమి. అంతకు కొన్ని నెలల ముందు వచ్చిన మరియొక హెచ్చరికను మాత్రము త్రిప్పి పంపితిమి.

మూడవది, మన యడ్డంకులను గూర్చి మాటలాడుదము. మా సంఘపెద్ద యొకరు నాతో, "ఎరగనంతకాలం హాయి కదండీ అయ్యగారూ" అనెను. ఇది మనలో చాలమంది హృదయపు మాట. విశ్వాసమను అంగీ తొడిగికొనినను లోపలనున్నది తరచుగా భయమే. భయపడుట పాపము కాదు. నేనును భయపడితిని. అయితే షావుకారు పద్దుపుస్తకము తెరవనంత మాత్రమున వడ్డీ ఆగునా? తెరచి చూచినవాడు ఒక రాత్రి నిద్రపోడు గాని అప్పు చిన్నదిగా నున్నప్పుడే తీర్చుకొనగలడు.

అప్ప పోయిన తరువాత నా భార్య నన్ను బలవంతముగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపెను. చేతికి పట్టీ కట్టి గాలి కొట్టిరి. పై అంకె 170, క్రింది అంకె 100. పై అంకె 140 గాని క్రింది అంకె 90 గాని దాటి, వేరు వేరు దినములలో చూచినను అట్లేయుండిన యెడల అది రక్తపోటు రోగమని వైద్యులందురు. నాకు తలనొప్పియైనను లేదు. ముందటి ఆదివారము గంటసేపు ప్రసంగించితిని. ఆనాటినుండి దినమునకొక చిన్న మాత్ర మ్రింగుచున్నాను, ఉప్పు తగ్గించితిని. ఆ మాత్ర నా ప్రార్థనకు అడ్డము రాలేదు. దానిని చేతిలో పట్టుకొని దేవునికి స్తోత్రము చెప్పుట నేర్చుకొంటిని.

కూలి పోవుననునది మరియొక అడ్డంకి. అది నిజమైన యడ్డంకి, దానిని తేలికగా మాటలాడను. అయినను మన దేశములో ముప్పది యేండ్లు దాటినవారందరికి రక్తపోటు, చక్కెర, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అను ఐదింటిని గూర్చి ఊరిలోనే పరీక్షించుటకు ప్రభుత్వ కార్యక్రమమున్నది. రక్తపోటును, చక్కెరను సంవత్సరమునకొకసారి, క్యాన్సరు పరీక్షలను ముప్పది మొదలు అరువదియైదు ఏండ్లవరకు అయిదేండ్లకొకసారి చేయవలెనని దాని నియమము. ఆశా కార్యకర్తను గాని నర్సమ్మను గాని అడుగుడి. వారు మన వీధివారే.

సిగ్గు మూడవ యడ్డంకి. స్త్రీలు ఈ సిగ్గుచేత చనిపోవుచున్నారు. ముంబయిలోని బీదల పేటలలో సుమారు 1,50,000 మంది స్త్రీలతో జరిగిన ఒక పరిశోధన 2014లో ప్రకటింపబడెను. అక్కడ పరీక్షించినవారు గొప్ప వైద్యులు కారు. పదవ తరగతివరకు చదివి, కొన్ని వారములు శిక్షణ పొందిన స్త్రీలు. వారి చేతిలోని మందు వినిగరులో నుండునట్టి పలుచని పులుసుద్రవము. దానిని గర్భాశయ ముఖద్వారమున అద్ది ఒక నిమిషము ఆగిన యెడల చెడిన చోటు తెల్లబడి కనబడును. అట్లు పరీక్షింపబడిన స్త్రీల గుంపులో ఆ క్యాన్సరువలని మరణములు 31 శాతము తగ్గినవి. కేరళలోని తిరువనంతపురము జిల్లాలో 1996లో ఆరంభమైన మరియొక పరిశోధనలో ఆరోగ్య కార్యకర్తలు నోళ్ళు తెరచి చూచిరి, అంతే. పొగాకు, మద్యము వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవని 2005లో తేలెను. ఒక దీపము, చూచు కన్ను, తెరచిన నోరు. ఇంతకంటె తక్కువ ఖర్చుగల పిట్టగోడ ఎక్కడనున్నది?

భర్తలారా, అత్తలారా, మీతో ఒక మాట. ఇంటి ఆడకూతురు తనకై తాను అడుగదు. పిల్లలకు, పశువులకు, మీకు అన్నిటికిని చూచి, చివరకు తన వంతు వదలివేయును. ఆమెను వెళ్ళుమని చెప్పుట మీ పని. ఆ పూట వంట మీరు చూచుకొనుడి.

నాలుగవది, ఈ సంగతికి మరియొక ప్రక్క కలదు. దానిని దాచిన యెడల మీకు అన్యాయము చేసినవాడనగుదును. పట్టణములలో ఇప్పుడు పండుగ బేరమువలె పెద్ద పెద్ద పరీక్షల మూటలు అమ్ముచున్నారు. వేల రూపాయలు చెల్లించి తల మొదలు కాలివరకు అన్నియు చూపించుకొనుమని పిలుచుచున్నారు. ఎక్కువ పరీక్షలు ఎక్కువ ఆయుష్షు అని తలంపకుడి. ఏ గురుతును లేని పెద్దవారికి అట్లు సాధారణముగా అన్నియు పరీక్షించుటవలన మరణములు తగ్గుచున్నవా అని ఐరోపా, అమెరికా దేశముల పరిశోధనలను కూర్చి చూచిన వైద్యులు 2012లోను, మరల 2019లోను, దాదాపుగా తగ్గుటలేదనియే వ్రాసిరి. ప్రయోజనము కలదని తేలినవి కొన్ని పరీక్షలే. అవి వయస్సునుబట్టి, అలవాటునుబట్టి, కుటుంబములోని జబ్బులనుబట్టి యెంచుకొనవలసినవి. బంగారము కుదువబెట్టి పరీక్షల మూట కొనకుడి. ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగి మీకు తగినవి మాత్రము చేయించుకొనుడి.

పరీక్షలో సందేహము వచ్చినంత మాత్రమున జబ్బు స్థిరపడదు. మరల చూచి నిర్ధారణ చేయుదురు. గనుక ఒక్క కాగితము చూచి కుంగిపోకుడి. అట్లే, ఏమియు లేదని వచ్చిన కాగితము చుట్ట త్రాగుటకు సెలవుచీటి కాదు. అడ్డపొగ మానుట అంగిటి పరీక్షకంటె గొప్పది. పిట్టగోడ యున్నదని డాబా అంచున నిద్రించువాడు జ్ఞాని కాడు. ఇంకొకటి కూడ. అన్ని పరీక్షలు చేయించుకొనినవాడును ఒకనాడు మరణించును. పిట్టగోడ మనలను మరణమునుండి తప్పింపదు. నిర్లక్ష్యమువలన కలుగు మరణమునుండియే తప్పించును. ఎప్పుడును తన నాడినే పట్టుకొని కూర్చుండువాడు దేహమును విగ్రహముగా చేసికొనినవాడగును. పొలము చూచుకొను రైతు దినమంతయు గట్టుమీదనే యుండడు. చూచి, పూడ్చి, ఇంటికి వచ్చి అన్నము తిని నిద్రించును. విశ్వాసము ఆ నిద్రలోనున్నది, గట్టు చూడకుండుటలో లేదు.

కడపటిగా సంఘమునకు మూడు మాటలు.

పెద్దలు ముందు వెళ్ళవలెను. 2022లో మా ఊరి నర్సమ్మను బ్రతిమాలి, ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత గుడి వరండాలో బల్ల వేయించితిమి. మొదట నేను నోరు తెరచి కూర్చుంటిని. తమ బోధకుడు పళ్ళు చూపించుచుండుట చూచి పిల్లలు నవ్విరి. ఆ నవ్వులో పెద్దల సిగ్గు కొంత కరగెను. ఆనాడు అడ్డపొగ త్రాగు ఒక అవ్వ అంగిటిమీద తెల్లమచ్చ కనబడెను. ఆమెను పెద్దాసుపత్రికి తీసికొనిపోతిమి. అది ఇంకను క్యాన్సరు కాలేదనిరి. ఆమె చుట్ట మానినది. ఇప్పటికిని ఆదివారము ముందు వరుసలో కూర్చుండి, నేను ప్రసంగము పొడిగించినప్పుడు దగ్గి గురుతు చేయుచున్నది.

మరియొక మాట. తెలిసిన సంగతిని కాపాడవలెను. ఒకరి పరీక్షాఫలితము ఆ వ్యక్తిది, సంఘపు కబురు కాదు. ప్రార్థన మనవి అను పేరుతో పదిమందిలో ఆమె జబ్బు చెప్పుట ప్రార్థన కాదు, చాడి. ఆమె సెలవిచ్చినంతవరకే నోరు తెరువవలెను. ఈ ఒక్క సంగతిలో మనము తప్పిపోయిన యెడల తరువాత ఎవరును ఆ బల్లయొద్దకు రారు.

చివరి మాట, కనుగొనినవారిని విడువరాదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఒక గ్రంథములో విల్సన్, యుంగ్నెర్ అను ఇద్దరు వైద్యులు ఇట్టి పరీక్షలకు పది నియమములు వ్రాసిరి. వెదకి పట్టుకొనిన జబ్బునకు అంగీకరింపబడిన చికిత్సయు, దానినిచ్చు వసతియు ఉండవలెనని వానిలో చెప్పిరి. ఇది వైద్యులకే కాదు, మనకును నియమము. జబ్బున్నదని చెప్పి ఇంటికి పంపుట గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని పని. సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి, వానిని తన పశువుమీద ఎక్కించి, సత్రపు ఖర్చు ఇచ్చి, మరల వచ్చెదనని చెప్పెను. మనలో ఒకరు బస్సుఖర్చు పెట్టుకొనవలెను, ఒకరు తోడు పోవలెను, ఒకరు ఆ పిల్లలకు అన్నము పెట్టవలెను. మాత్రలు విడువకుండ మ్రింగుచున్నారా అని అడుగువారొకరుండవలెను. స్వస్థత కూటములకు పోయి వచ్చి, బాగైతిమని మాత్రలు మానినవారిని నేనెరుగుదును. దేవుడు స్వస్థపరచిన యెడల దానిని వైద్యునికి చూపించుటకు భయమేల? ప్రభువు తాను శుద్ధిచేసిన కుష్ఠురోగిని యాజకునియొద్దకు పోయి కనబరచుకొనుమనెను గదా.

ఎవరైనను ఆలస్యముగా వచ్చి మంచము పట్టిన యెడల, ముందే చూపించుకొనకపోతివేమని ఆ మంచము ప్రక్కన అడుగకుడి. ఆ ప్రశ్నను వారు రాత్రింబగళ్ళు తమ్మునుతామే అడుగుకొనుచున్నారు. ఆ ప్రశ్న ఇంకను నడుచుచున్నవారిని అడుగుడి. నేడు మిమ్మును అడుగుచున్నాను.

చదువరీ, మీ వయస్సు ముప్పది దాటినదా? గడచిన సంవత్సరములో మీ చేతికి ఆ పట్టీ కట్టించుకొంటిరా? చుట్టయో బీడీయో ఖైనీయో వాడువారైతే, నేడే వెలుతురులో అద్దము పట్టుకొని నోరు తెరచి చూచుకొనుడి. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు వారములకు మానని పుండు గాని యుండిన యెడల పంట కోతలు కానిమ్మని ఆగకుడి. ఏమియు కనబడకపోయినను నర్సమ్మ వచ్చినప్పుడు నోరు చూపించుడి. మన కంటికి కనబడనిది ఆమె దీపమునకు కనబడవచ్చును. మరియు మీ గుమ్మములో కూర్చుండి, వెళ్ళాలంటావా అని మిమ్మునడుగువారు ఎవరైనను ఉన్న యెడల, చేతిలోని పని దింపి, తలయెత్తి వారి ముఖము చూడుడి. వెళ్ళుమని చెప్పుడి. వీలైన యెడల వారితోకూడ వెళ్ళుడి.

మన ప్రభువైన దేవుడు మీ ఇండ్లను, వాటి పైకప్పులను, వాటిక్రింద నిద్రించువారిని కాపాడునుగాక. ఆయన మనచేత కట్టింపగోరు గోడలను కట్టుటకు మనకు బుద్ధిని, బలమును అనుగ్రహించునుగాక. ఆమేన్.